ఉత్త ఆకు

సొహార్‌లో ఆగస్టు.
సముద్రానికి కూడా చెమట పట్టినట్టుంటుంది.

సిమెంటు దుమ్ము రొమ్ములో పేరుకుని
రాత్రంతా పిల్లికూతలు కూసే భోజన్నకు
డాక్టరు తెల్లగోళీలు రాసిచ్చింది.
పొద్దున తిన్నాక నాలుగు.
చెప్పేదాకా ఆపొద్దు.

నెలకు కూత ఆగింది.
ముఖం గుండ్రమైంది.
ఫోన్‌లో చూసిన పెళ్లాం
"ఒళ్లు చేసినవ్, ఆడి నీళ్లు పడ్డయి" అని మురిసింది.
అతను కాదనలేదు.
వాపుకూ బలుపుకూ తేడా
అరచేతంత తెర మీద కనబడదు.

పొట్టా పొంగింది.
ఖుబూస్ రొట్టె, నీళ్లపప్పు, బిగుసుకున్న పేగు.
పదకొండు మందికి ఒకటే పాయఖానా.
తెల్లారి నాలుగింటికి వరసలో నిలబడి
వెనకోడు తలుపు బాదుతుంటే
రానిదాన్ని రప్పించడం ఎంత కష్టమో
క్యాంపులో ఉన్నోళ్లకే తెలుసు.

శుక్రవారం సూక్‌లో
సాంబ్రాణి పొగ వెనక కూర్చున్న ఖల్ఫాన్ ముసలాయన
గుప్పెడు ఎండాకు పొట్లం కట్టాడు.
సనా మక్కీ అన్నాడు.
భోజన్న వాసన చూసి నవ్వాడు:
"అరె, ఇది మన నేలతంగేడు గద!
మా అవ్వ గీన్నే సునాముఖి అనేది."
పరాయి ఊళ్లో చుట్టం ఎదురైనట్టు
పొట్లాన్ని అంగీ జేబులో పెట్టుకున్నాడు.

రాత్రికో గ్లాసు కషాయం.
పనిచేసింది.
పనిచేసింది కాబట్టి రెండు.
పొట్ట తగ్గలేదు కాబట్టి మూడు.

ముందు పిక్కలు పట్టాయి.
తర్వాత, ఉన్న మెట్లే ఎక్కువైనట్టు అనిపించింది.
ఒకనాడు మధ్యాహ్నం పరంజా మీద
కూర్చున్నవాడు లేవలేకపోయాడు.
తాడు కట్టి దించాం.
నా వీపు మీద మోస్తుంటే తెలిసింది,
అతని గుండె నడుమ నడుమ
ఒక అడుగు మరిచిపోతోందని.

ఆసుపత్రిలో డాక్టర్ ఇంతిసార్ అడిగింది,
ఈ గోళీలు కాక ఇంకేమైనా తీసుకుంటున్నాడా అని.
నాకు ఇంగ్లీషు వచ్చు. దానికే నన్ను వెంట పంపారు.
నేను అడిగాను:
"వేరే మందులేమన్న వాడుతున్నవా?"
"లేదు."

అతను అబద్ధమాడలేదు.
"ఏమైనా" అన్న మాట
నా నోట్లో పడి "మందు" అయింది.
ఆ సందులోంచి ఆకు జారిపోయింది.

రక్తంలో పొటాషియం రెండు పాయింట్ రెండు.
ఆమె కాగితం చూసింది, అతన్ని చూసింది,
మళ్లీ కాగితం చూసింది.
తీగలు అంటించడానికి నర్సు అంగీ విప్పితే
తెల్లదుప్పటి మీద పొట్లం పడి విచ్చుకుంది.
ఆమె ఒక ఆకు తీసి నలిపింది.
"సనా," అంది. కోపం లేదు.
మా అమ్మ కూడా ఇదే తాగుతుంది అంది.

గోళీ మూత్రంలోంచి తోడేస్తుంది,
ఆకు పేగులోంచి.
నేను ఈసారి జాగ్రత్తగా చెప్పాను:
"చెరువొకటే అన్నా. రెండు తూములు లేపినవ్."
అతను కళ్లు మూసుకున్నాడు.
మూడెకరాలు తడిపినవాడు,
ఇంక విడమర్చక్కర్లేదు.
"అయితే గోళీలు బందు వెడ్త."
నేను ఇంగ్లీషులో చెప్పేలోపే
ఆమెకు ఎలా అర్థమైందో, చెయ్యి అడ్డం ఊపింది.
అది ఒక్కసారి ఆపితే మరో ప్రమాదం.
దిగాలంటే మెట్టు మెట్టుగా,
పరంజా దిగినట్టు.

రెండు రాత్రులు సూది గుండా చుక్కలు.
మూడోనాడు తనే లేచి పాయఖానాకు పోయాడు.
అక్కడ వరస లేదు.
చాలాసేపు కూర్చున్నాడు.

ఇప్పుడు క్యాంపులో ఎవరికి బాగాలేకున్నా
వెంట నేనే పోతాను.
ఏం మింగుతున్నవ్ అని అడుగుతాను.
ఏం తాగుతున్నవ్, ఏం నములుతున్నవ్,
దిండు కింద ఏముంది, ఇంటి నుంచి ఏం తెచ్చుకున్నవ్,
దోస్తు ఏమన్న ఇచ్చిండా.
వాళ్లు విసుక్కుంటారు.

పోయినవారం ఒక కొత్త పిల్లగాడు
"ఏం లేదన్నా, ఉత్త చూర్ణమే" అన్నాడు.

రాసుకోండి డాక్టర్, అన్నాను.